పచ్చమైనం మీద గోటిముద్ర

ఫయెంజాలో ఫిబ్రవరి.
పొగమంచు షట్టరు కిందినుంచి దూరి
లేతు కాళ్ళ దగ్గర పడుకుంది.
తార్చీజియో హెల్మెట్ తియ్యకుండానే చెప్పాడు:
"నీవెస్, పదివేల ఎనిమిదొందల దగ్గర
నీ ఇంజనుకి మాట తడబడుతోంది.
ఇంకా గట్టి స్ప్రింగులు వెయ్యి."

అందరూ అదే అంటారు.
తలుపు సరిగా పడకపోతే
ఇంకాస్త విసురుగా వెయ్యమంటారు.

నలభై ఏళ్ళుగా క్యాములు సానపడుతున్నాను.
మొదటిది మా నాన్న చేతికిచ్చి
కళ్ళు మూసుకోమన్నాడు.
కోడిగుడ్డు వాలున్న ఇనుము, చల్లగా.
"బొటనవేలితో చుట్టూ నడిచి రా.
నీ వేలు ఎక్కడ ఉలిక్కిపడితే
వాల్వూ అక్కడే ఉలిక్కిపడుతుంది."

వాల్వు బతుకు ఏపాటిది?
తెరుచుకోవాలి, మూసుకోవాలి,
సెకనుకి తొంభైసార్లు,
నిప్పులగదికి వాకిలిగా.
తెరవడం క్యామ్ ఆజ్ఞ.
మూయడానికి మాత్రం
స్ప్రింగు మీద నమ్మకం ఒక్కటే.
వేగం పెరిగేకొద్దీ ఆ నమ్మకం పలచబడి
ఏదో ఒక అంకె దగ్గర
వాల్వు క్యామ్ చెయ్యి వదిలేసి
వెంట్రుకవాసి గాల్లో తేలుతుంది.
తేలింది మెల్లగా దిగదు.
పీట మీద పడుతుంది, ఎగురుతుంది, మళ్ళీ పడుతుంది.
ఈలోగా కిందనుంచి పిస్టన్ వస్తుంటుంది.
దానికి ఆగడం తెలీదు.

అరమీద గాజుసీసాలో
తల తెగిన వాల్వులు పదకొండు.
వాటిలో ఒకటి నా తప్పు.
తొంభైనాలుగులో నేనూ గట్టి స్ప్రింగులే వేశాను.
రెండు ఆదివారాలు గెలిచాం కూడా.
మూడో ఆదివారం, కొండదారి ఏడో మలుపులో,
అరిగిన క్యాము, వంగిన రాకరు,
బిగుసుకుపోయిన వెనక చక్రం.
లూచో ఇప్పటికీ ఎడమకాలు ఈడ్చుకుంటూ
నా షాపు ముందునుంచే రొట్టెకి వెళ్తాడు.
చెయ్యెత్తి పలకరిస్తాడు.
ఆ పలకరింపు కన్నా తిట్టు నయం.

ఆ రాత్రి కాగితం మీద గీత మళ్ళీ గీశాను.
ఎత్తు తగ్గించలేదు.
ఎక్కేటప్పటి పరుగు కొంచెం మాత్రమే తగ్గించాను.
కొండకొమ్ము దగ్గర మాత్రం
ఒక్క క్షణం ఊపిరి తీసుకుని
దిగమని చెప్పాను, క్యామ్‌కి, నాక్కూడా.
స్ప్రింగు టోపీలో మూడు గ్రాములు చెక్కేశాను.
మూడు గ్రాములు! నవ్వుతారు.
తొంభైతో హెచ్చవేసినవాడు నవ్వడు.

తర్వాత మైనం కావాలి.
మనవరాలు జిలియోలా తాబేలు చేస్తోంది.
బేరమాడితే తోక ఇచ్చింది.
పిస్టన్ నెత్తిన నూనె రాసి
ఆ పచ్చతోక అద్ది, పైభాగం బిగించి,
ఇరుసుని చేత్తో రెండు చుట్లు తిప్పాను,
నిద్రపోతున్నవాళ్ళని పక్కకి జరిపినట్టు.
విప్పి చూస్తే
మైనంలో నెలవంక, గోటితో నొక్కినట్టు.
బ్లేడుతో కోసి కొలిచాను.
మిల్లీమీటరున్నర చాలనుకున్నాను.
ఇంకో పదోవంతు ఎక్కువే ఉంది.
ఆ పదోవంతుకి కుర్చీలో కూలబడి
చాలాసేపు ఏమీ చెయ్యలేదు.

శనివారం పొద్దున ఇంజను ముట్టించాం.
పదివేలు. పదివేల ఎనిమిదొందలు.
పదకొండువేల మూడొందలు.
కిటికీ అద్దం వణికింది గానీ
మాట తడబడలేదు.
"చెప్పానా, గట్టి స్ప్రింగులని!"
తార్చీజియో నా భుజం చరిచాడు.
బిల్లులో రాశాను: స్ప్రింగులు, పాతవే.
వాడు బిల్లులు చదవడు.

షట్టరు బయట, చంకలో రొట్టెతో,
బరువంతా కుడికాలి మీద వేసి
లూచో నిలబడి ఉన్నాడు.
ఎప్పటినుంచో తెలీదు.
పొగగొట్టం వైపు చూడలేదు, నావైపూ చూడలేదు.
కళ్ళు మూసుకుని విన్నాడు.
"మూసుకుంటోంది," అన్నాడు.
చెయ్యెత్తకుండానే వెళ్ళిపోయాడు.

జిలియోలా తోక అడిగి తీసుకుంది.
తాబేలుకి అతికించి వాసన చూసి
మూతి ముడిచింది.
నెలవంక చెరపలేదు.